ఒళ్లు మళ్లీ దారిలో పడాలంటే: అన్నం, నడక, షుగర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ల కిందట ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్‌లో నా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చెప్పే పరీక్ష) 6.3 వచ్చింది. అప్పటికి నాకు 44 ఏళ్లు, బరువు 84 కిలోలు, బొడ్డు దగ్గర చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. మా నాన్నగారికి ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది. అది మనిషిని ఎలా అలసగొడుతుందో దగ్గరుండి చూసినవాణ్ని కాబట్టి ఆ రిపోర్టు చూసి నిజంగానే భయపడ్డాను. పద్నాలుగు నెలల తర్వాత 73 కిలోలకు వచ్చాను. హెచ్‌బీఏ1సీ 5.6కి దిగింది.

అప్పటి నుంచి చుట్టాలు, ఆఫీసువాళ్లు, పొద్దున నడకలో కలిసేవాళ్లు అడుగుతున్న ప్రశ్నలు ఇవి. నేను డాక్టర్ని కాను. నా మీద పనిచేసినవి, చదివి సరిచూసుకున్నవి చెబుతున్నాను. మందులు వాడుతున్నవాళ్లు మాత్రం ముందు మందుల ప్రశ్న చదివి, ఆ తర్వాతే మిగతావి చూడండి.

నేను లావుగా ఉండను, పొట్ట ఒక్కటే ఉంది. నాకూ ఇవన్నీ అవసరమా?

అవసరమే. చేతులు, కాళ్లు సన్నగా ఉండి పొట్ట ముందుకు రావడం మనవాళ్లలో చాలా మామూలు. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఒకే బీఎంఐ (ఎత్తుతో పోలిస్తే బరువు ఎంతుందో చెప్పే అంకె) ఉన్న యూరప్ మనిషితో పోలిస్తే మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. ఆ కొవ్వు కూడా పొట్టలో, కాలేయంలో చేరుతుంది. షుగర్‌కి దారి తీసేది అదే.

అందుకే మన లెక్కలు వేరు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ప్యాంటు సైజు చూసి మోసపోకండి, మనం ప్యాంటు పొట్ట కింద కడతాం. టైలరు టేపు తీసుకుని, పొద్దున్నే పరగడుపున, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా బొడ్డు దగ్గర కొలవండి. నేను 36 నడుము ప్యాంటు వేసుకునే రోజుల్లో టేపు 40 అంగుళాలు చూపించింది.

ముందు ఏ పరీక్షలు చేయించుకోవాలి?

పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ వివరాలు, క్రియాటినిన్ (కిడ్నీల కోసం), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కోసం), బీపీ. వీటితో మొదలుపెడితే చాలు. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్, 126 ఆపైన షుగర్. హెచ్‌బీఏ1సీ అయితే 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, 6.5 ఆపైన షుగర్. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుగా చూపించవచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి.

మధ్యలో ఉన్న ఆ ప్రీడయాబెటిస్ దశను దయచేసి తేలిగ్గా తీసుకోకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో వెల్లడించిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంటే, దాని గడపలో నిలబడ్డవాళ్లు 13.6 కోట్ల మంది. వెనక్కి రావడం తేలికగా ఉండేది ఆ గడప దగ్గరే.

అన్నం పూర్తిగా మానేయాలా?

నన్ను అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. అక్కర్లేదు. కానీ ఎంత తింటున్నారో ఒక్కసారి తూచి చూడండి.

మన భోజనంలో అన్నం ఒకసారి వడ్డించుకునేది కాదు. కూరలోకి కొంత, పప్పులోకి కొంత, చారులోకో పులుసులోకో కొంత, చివర పెరుగులోకి కొంత. ప్రతిసారీ "కొంచెమే" అనిపిస్తుంది. రిపోర్టు వచ్చిన వారంలో వంటింటి తూకం ఒకటి కొన్నాను. మామూలుగా తినేంతే తింటూ, ప్రతి వడ్డనకూ ముందు కంచాన్ని తూకం మీద పెట్టి అంకె రాసుకున్నాను. మొత్తం 460 గ్రాముల అన్నం. వంద గ్రాముల అన్నంలో సుమారు 130 కేలరీలు, 28 గ్రాముల పిండిపదార్థం ఉంటాయి. అంటే ఆ పూట ఒక్క అన్నం నుంచే 600 కేలరీల దాకా, రెండు పూటలా కలిపి 1200. కూర మాత్రం మూడు గరిటెలు. మా ఆవిడ ఆ కాగితం చూసి, "మనం కూరతో అన్నం తినట్లేదు, అన్నానికి కూర రాస్తున్నాం" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. ఒక చిన్న స్టీలు గిన్నె పెట్టుకున్నాను, అందులో నిండుగా 160 గ్రాముల అన్నం పడుతుంది. పూటకు అదొక్కటే. కంచంలో ముందు కూర సగం దాకా, పక్కన గట్టి పప్పు కాని గుడ్డు కాని చికెన్ కాని. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు ఉత్తినే తిని, ఆ తర్వాత అన్నం కలుపుకుంటాను. కూర, ప్రోటీన్ ముందు తిని అన్నం చివర తింటే భోజనం తర్వాత షుగర్ అంతగా ఎగరదని పరిశోధనల్లో తేలింది. గ్లూకోమీటరుతో నేనూ చూసుకున్నాను, తేడా కనబడింది. పెరుగు మానలేదు, అన్నం లేకుండా గిన్నెలో వేసుకుని తింటాను. పెరుగన్నం లేనిదే భోజనం ముగిసినట్టు ఉండదని మీకు అనిపిస్తే, ఆ గిన్నెలోంచి రెండు ముద్దలు చివరికి దాచుకోండి.

మొదటి పది రోజులు ఆకలి వేస్తుంది, అబద్ధం చెప్పను. కూర, పప్పు నిజంగా పెంచితేనే ఆగగలం. అన్నం తగ్గించి మిగతావి అలాగే ఉంచినవాళ్లు సాయంత్రం అయ్యేసరికి మిక్చర్ డబ్బా దగ్గర ఉంటారు.

మరి చపాతీ, జొన్నరొట్టె, కొర్రలు తింటే మంచిదా?

మంచివే, కానీ ఇష్టమొచ్చినంత తినొచ్చని కాదు. వంద గ్రాముల బియ్యంలో 350 కేలరీల వరకు ఉంటే, జొన్నల్లోనూ రాగుల్లోనూ 320 నుంచి 335 వరకు ఉంటాయి. పెద్ద తేడా లేదు. పీచు ఎక్కువ, నమలడానికి సమయం పడుతుంది, కడుపు త్వరగా నిండుతుంది. లాభం అక్కడుంది. జొన్నరొట్టె రెండు తినేసరికి మనమే ఆగిపోతాం. అదే రాగిని మెత్తగా పిండి పట్టించి జావ కాచుకుని తాగితే షుగర్ త్వరగానే పెరుగుతుంది. కొర్రన్నం కూడా అదే చిన్న గిన్నెతో కొలుచుకోండి.

పొద్దున టిఫిన్‌కి ఏం తినాలి?

పెసరట్టు. ఇంత మంచి టిఫిన్ మన ఇంట్లోనే పెట్టుకుని ఓట్స్ కోసం వెతుక్కోవడం నాకు బాధగా ఉంటుంది. 50 గ్రాముల పెసలలో 12 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పొట్టుతోనే రుబ్బండి, నూనె చెంచాడు చాలు, పైన ఉల్లి, అల్లం, మిర్చి. లోపల ఉప్మా పెట్టకండి. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది నిజమే, కానీ ఇడ్లీ రవ్వ కూడా బియ్యమే. రెండు ఇడ్లీ, గిన్నెడు సాంబారు, ఒక ఉడికించిన గుడ్డు అంటే సరిపోతుంది. పూరీ, మైసూర్ బజ్జీ ఆదివారానికి వదిలేయండి.

టీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర అంటే రోజుకు ఎనిమిది చెంచాలు, 150 కేలరీల పైమాటే. బదులుగా బెల్లం వేసుకుంటున్నాం అంటారు. బెల్లం కూడా షుగర్‌ని అలాగే పెంచుతుంది, తేనె కూడా అంతే. నేను వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. నెల తర్వాత పాత టీ నోట్లో పెట్టుకోలేకపోయాను.

మేం శాకాహారులం. ప్రోటీన్ ఎలా?

ఐసీఎంఆర్ లెక్క ప్రకారం కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి. 70 కిలోల మనిషికి సుమారు 58 గ్రాములు. పల్చటి పప్పుచారులో అది రాదు. 30 గ్రాముల కందిపప్పులో ఉండేది ఆరేడు గ్రాములే. కాబట్టి పూటపూటా చేర్చుకుంటూ పోవాలి. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గరిటె దిగే గట్టి పప్పు, పెరుగు, సాయంత్రం శనగల గుగ్గిళ్లు, రాత్రి కూరలో మీల్‌మేకర్ కాని పనీర్ కాని. ఎండు మీల్‌మేకర్ 30 గ్రాముల్లో 15 గ్రాముల ప్రోటీన్ ఉంది, ధర కూడా తక్కువ. పల్లీలు మంచివే, కానీ గుప్పెడు దాటొద్దు. 30 గ్రాములకే 170 కేలరీలు. గుడ్డు తినేవాళ్లకు ఒక్కోదానికి ఆరు గ్రాములు.

ఒక హెచ్చరిక. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు. ముఖ్యంగా కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు వాళ్లకు నా విన్నపం: ముందు క్రియాటినిన్ చూపించుకోండి, పౌడర్ డబ్బాల జోలికి తర్వాత వెళ్లొచ్చు.

ఏ నూనె మంచిది?

ఏ నూనె అన్నదానికంటే ఎంత అన్నది చూడండి. నలుగురున్న మా ఇంట్లో నెలకు అయిదు లీటర్లు అయ్యేది. అంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, 340 కేలరీల పైన. ఇప్పుడు మూడు లీటర్లతో సరిపెడుతున్నాం. డబ్బా మీద తెరిచిన తేదీ పెన్నుతో రాస్తాం, అదొక్కటే ఉపాయం. పచ్చడి నెయ్యి వేసి కలుపుకుంటే అన్నం ఎంత పోతుందో తెలియదు, పైగా రోజంతటికీ ఉప్పు అయిదు గ్రాములు, అంటే ఒక చెంచా దాటకూడదు. ఆవకాయ మానలేదు నేను. ముక్క ఒకటి, వారానికి రెండు రోజులు.

నడక ఒక్కటే చాలా? జిమ్‌కి వెళ్లాలా?

నడక మొదలు, అదే అంతా కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి వేగంతో వ్యాయామం, దాంతోపాటు వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలం ఇచ్చే పని. మనవాళ్లు మొదటిది పట్టుకుని రెండోది వదిలేస్తారు. నడుస్తూ మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి, వేగం అంటే అది. పార్కులో కబుర్లు చెప్పుకుంటూ మూడు రౌండ్లు వేసి, బయటికొచ్చి పునుగులు తింటే నడిచిన ఫలితం అక్కడే పోతుంది. ముప్పావుగంట నడిస్తే ఖర్చయ్యేది 150 నుంచి 200 కేలరీలు మాత్రమే.

అలాంటప్పుడు నడవడం దేనికంటే, కండరం కోసం. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి గ్లూకోజ్‌ని లాగేసుకుంటుంది. అందుకే భోజనం అయిన వెంటనే పది, పదిహేను నిమిషాల నడకకు అంత విలువ. షుగర్ పైకెక్కే సమయానికి కాళ్లు దాన్ని వాడేస్తుంటాయి. పొద్దున గంట నడవడం కుదరని రోజున కూడా రాత్రి భోజనం తర్వాత నడక మాత్రం నేను మానను. మా అపార్ట్‌మెంట్ చుట్టూ ఒక రౌండు రెండున్నర నిమిషాలు, అయిదు రౌండ్లు వేస్తాను.

బలం కోసం జిమ్ తప్పనిసరి కాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, మూడు విడతలు. గోడకు చేతులు ఆనించి పుషప్స్. రెండు లీటర్ల నీళ్ల సీసాలు చేతికొకటి పట్టుకుని పైకెత్తండి. మన తాతలు గొంతుకూర్చుని పనులు చేసుకునేవాళ్లు. మనకు ఆ అవకాశం పోయింది కాబట్టి ప్రత్యేకంగా చేయాల్సి వస్తోంది. తేలికైపోయాక బరువు పెంచండి. తిండి తగ్గించి కండరాన్ని వదిలేస్తే కొవ్వుతోపాటు కండా పోతుంది, ముఖం పీక్కుపోతుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. ఉత్సాహంలో మూడో రోజే పరుగెత్తాను, అదీ అరిగిపోయిన పాత బూట్లతో. నాలుగో రోజు పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టేసరికి మడమలో మేకు గుచ్చినట్టయింది. అయిదు వారాలు పోయాయి. 84 కిలోల మనిషి మొదటి రెండు నెలలు నడిస్తే చాలు.

మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, నడవలేను.

బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని లెక్క తేలింది. కాబట్టి ముందు తిండి వైపు నుంచి రండి. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి అయిదు సెకన్లు ఆపడం, అలా ఒక్కో కాలికి పదిసార్లు. తొడ ముందు కండరం గట్టిపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది. సైకిలు, ఈత కూడా నప్పుతాయి. వాపు, వేడి ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

షుగర్ మందులు వాడుతున్నాను. ఉపవాసం ఉండొచ్చా? అన్నం తగ్గించొచ్చా?

డాక్టరుతో మాట్లాడకుండా రెండూ చేయకండి. ఎందుకంటే నాకు తెలుసు.

ఒక కార్తీక సోమవారం నాడు మా నాన్నగారు ఎప్పటిలాగే పొద్దున గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, ఉపవాసమని ఏమీ తినలేదు. పదకొండు గంటలప్పుడు దేవుడి గది గడప మీద కూర్చుండిపోయారు. బనియను మొత్తం చెమటతో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణుకుతున్నాయి. "నాన్నగారూ" అని పిలిస్తే నన్నే చూస్తున్నారు కానీ గుర్తుపట్టట్లేదు. గ్లూకోమీటరులో 52. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి గుటకగుటకగా తాగించాం. పావుగంటకు మనిషి తేరుకుని, "ఏరా, ఆఫీసుకి వెళ్లలేదా?" అన్నారు.

గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు తిండి తగ్గిస్తే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమట, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే చక్కెర ఇవ్వండి, పావుగంటకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. తిండి మారుస్తున్నానని ముందే చెబితే డోసు తగ్గించాల్సింది డాక్టరే చూస్తారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లు విటమిన్ బీ12 కూడా ఒకసారి చూపించుకోవాలి.

షుగర్ వచ్చేసింది. వెనక్కి వెళుతుందా?

కొందరికి వెళుతుంది. బ్రిటన్‌లో 2017లో ఫలితాలు వచ్చిన ఒక అధ్యయనంలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు, ఇన్సులిన్ వాడనివాళ్లకు, పర్యవేక్షణలో బాగా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందుల్లేకుండా షుగర్ పరిధి కిందికి వచ్చారు. బరువు పెరిగితే మళ్లీ వస్తుంది, అందుకే పరీక్షలు ఆపకూడదు.

నెలకు ఎంత తగ్గాలి? నాకు బరువు ఆగిపోయింది.

నెలకు రెండు కిలోలు మంచి వేగం. నాకైతే సగటున కిలో కూడా పడలేదు. ఆగిపోవడం మామూలే, నాకు 78 దగ్గర తొమ్మిది వారాలు కదల్లేదు. అప్పుడు మళ్లీ తూకం తీసి చూస్తే 160 గ్రాముల గిన్నె గోపురం కట్టి 220 అయింది.

కానీ తూకపు మిషన్ ఒక్కదాన్నే నమ్మకండి. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. 2006లో చెన్నై డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మనవాళ్ల మీద చేసి ప్రచురించిన అధ్యయనంలో, బరువు పెద్దగా తగ్గకపోయినా తిండి, నడక మార్చుకున్నవాళ్లలో 28.5 శాతం తగ్గింది. నడుము టేపు, మెట్లెక్కితే వచ్చే ఆయాసం, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, వీటిని చూసుకోండి.

కొబ్బరినూనె తాగే డైట్‌తో మా బంధువు పది కిలోలు తగ్గారు. చేయొచ్చా?

పిండిపదార్థం దాదాపు మానేస్తే ఎవరైనా తగ్గుతారు. మొదటి వారం పోయేది ఎక్కువగా నీరే. అన్నం ఇంట్లో అందరూ తింటుంటే మీరొక్కరే ఎన్నేళ్లు అలా ఉండగలరన్నది నా ప్రశ్న. నాకు తెలిసినవాళ్లలో చాలామంది ఆరు నెలలకు అన్నానికి తిరిగొచ్చారు, బరువూ తిరిగొచ్చింది. కిడ్నీ సమస్యలు ఉన్నవాళ్లు, షుగర్ మందుల మీద ఉన్నవాళ్లు దీన్ని సొంతంగా అసలు మొదలుపెట్టకూడదు.

థైరాయిడ్ ఉంది, ఏం చేసినా తగ్గట్లేదంటే డాక్టరు నమ్మట్లేదు.

మా చెల్లెలు అన్న మాట ఇది. థైరాయిడ్ తక్కువగా ఉంటే బరువు పెరగడం నిజం, అయితే ఎక్కువమందిలో అది కొద్ది కిలోలే. మందుతో టీఎస్‌హెచ్ దారిలో పడ్డాక మిగతా బరువు మిగతా అందరిలాగే తగ్గుతుంది. ఆమె విషయంలో అసలు అడ్డు వేరు: పిల్లల కంచాల్లో మిగిలింది పారేయలేక తినేయడం, రాత్రి పదకొండుకు పడుకుని నాలుగున్నరకు లేవడం. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. ఆమెకు కావలసింది డైట్ చార్టు కాదు, ఇంట్లో ఇంకొకరు పొద్దున వంటలో చెయ్యి వేయడం. బావగారు ఇప్పుడు టిఫిన్ చేస్తున్నారు. ప్రసవమైనవాళ్లు కూడా తొందరపడొద్దు, పాలిస్తున్నప్పుడు కడుపు మాడ్చుకోకూడదు.

పండగలు, పెళ్లిళ్లు వస్తే?

తినండి. సంక్రాంతికి అరిసె తినకపోతే ఎలా? ఒకటి, భోజనం తర్వాత, కూర్చుని, ఇష్టంగా. చిక్కు పండగ రోజుతో కాదు, తర్వాత పదిహేను రోజులు డబ్బాలో ఉండేవాటితో. మేం కనుమ అయిపోగానే పంచేస్తాం.

మేం విదేశాల్లో ఉంటున్నాం. ఈ లెక్కలు మాకూ వర్తిస్తాయా?

వర్తిస్తాయి. ఊరు మారినా ఒంటి తీరు మారదు. అమెరికాలో కూడా ఆసియా మూలాలున్నవాళ్లకు బీఎంఐ 23 నుంచే షుగర్ పరీక్ష చేయాలని అక్కడి డయాబెటిస్ సంఘం 2015 నుంచి చెబుతోంది. మీ డాక్టరు 25 లెక్క చూసి బాగున్నారంటే, ఈ మాట గుర్తుచేసి పరీక్ష అడగండి. మంచు కురిసే నెలల్లో భోజనం తర్వాత ఇంట్లోనే మెట్లు ఎక్కిదిగినా కాళ్లకు పని దొరుకుతుంది.

మా నాన్నగారు మాట వినరు. ఏం చేయాలి?

మా ఇంట్లోనూ అంతే. "ఈ వయసులో నాకెందుకురా" అనేవారు. రిపోర్టులు చూపించాను, గొడవపడ్డాను, అన్నం గిన్నె దూరంగా జరిపాను. మూడూ తప్పే. ఆఖరిదైతే చాలా పెద్ద తప్పు, ఆయన ఆ రోజు చేయి కడిగేసుకుని లేచిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత చెప్పడం మానేశాను. రాత్రి భోజనం అయ్యాక, "ఒక్కణ్నే నడవాలంటే బోరు కొడుతోంది నాన్నగారూ, కాస్త తోడు రండి" అని అడిగాను. మొదటి రోజు గేటు దాకా వచ్చారు. వారం తిరిగేసరికి ఒక రౌండు వేశారు. నడుస్తూ ఆయన చిన్నప్పుడు ఏడు కిలోమీటర్లు నడిచి హైస్కూలుకి వెళ్లిన సంగతులు చెబుతుంటారు, నేను వింటుంటాను. ఇప్పుడు ఎనిమిదిన్నర అయ్యేసరికి చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి, "ఇంకా ఎంతసేపురా?" అని ఆయనే పిలుస్తున్నారు.